బరువు కోసం ఎక్కినవాళ్ళు

మా ఆయనకి ప్రాణమైనవి రెండే. ఒకటి మోటారు, రెండోది తన మాట నెగ్గడం. మూడోదాన్ని నేనేనని నలుగురిలో చెప్పుకునేదాన్ని గానీ, ఆయన ఏనాడూ ఔననలేదు, కాదనీ అనలేదు. ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ 'బావా, నువ్వు' అని పిలిచిన నోరు పెళ్ళయ్యాక మార్చుకోమంటే మారలేదు. ఉదయగిరిలో మొగుణ్ణి నువ్వనే ఆడది ఇదొక్కతేనని మా వీధిలో నన్ను ఆడిపోసుకునేవాళ్ళు. వాళ్ళకి మోటారెక్కే అవసరం వచ్చినప్పుడు మాత్రం సిఫారసుకి నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆ మోటారు సంగతి చెప్పాలి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన బళ్ళు చెన్నపట్నంలో వేలం వేస్తున్నారని విని, వెళ్ళి ఒక పెద్ద కారు తెచ్చాడు. గుడ్డ టాపు, వెనక మంచమంత సీటు. మా ప్రాంతంలో అప్పటికి బస్సు ఉన్నా, బాడుగకి దొరికే కారు అదొక్కటే. పెళ్ళిళ్ళకి, జబ్బు చేసినవాళ్ళకి, కొండ మీది కోట చూడవచ్చే పెద్దమనుషులకి, అన్నిటికీ అదే. దానికి ఆయనే డ్రైవరు, ఆయనే మెకానిక్కు, దాన్ని పొగిడేవాడూ ఆయనే.

మా దోవ ఎలాంటిదో ఇప్పటివాళ్ళకి చెప్పినా నమ్మరు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోవాలంటే కంకర, గుంటలు, మధ్యలో వాగు. వాన పడితే బురద, పడకపోతే గుండ్రాళ్ళు. ఆ దోవకి, ఒక్కో పెళ్ళికి బండినిండా కిక్కిరిసే మా జనానికి, కారుతో వచ్చిన కమానులు ఆగలేదు. కమానంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వంచిన ఉక్కు పట్టీలు, పెద్దదాని కింద కాస్త చిన్నది, దాని కింద ఇంకా చిన్నది, అలా కట్టగా బిగించి చక్రాల దగ్గర ఉంటాయి. బండి బరువు మోసేది అవే. గతుకు వచ్చినప్పుడు అవి వంగి లేస్తే పైన కూర్చున్నవాళ్ళకి దెబ్బ తెలియదు. ఒక పెళ్ళి సీజన్‌లో మా కారు వెనక కమానుల్లో పట్టీలు పటపటా విరిగిపోయాయి. మా ఆయన నెల్లూరు పోయి పాత లారీ కమాను పట్టీలు తెచ్చి, మా కమ్మరాయన చేత కోయించి, వంపించి, విరిగినవాటి చోట వేయించాడు. అంతటితో ఊరుకున్నాడా, విరగని వాటికి తోడుగా కూడా రెండు పట్టీలు అదనంగా బిగించాడు. ఇక చూడండి ఆ మనిషి గొప్పలు.

"నా బండి కమాను ఇరగదు. ఇరిగితే రోడ్డే ఇరగాల" అనేవాడు.

నిజమే, విరగలేదు. కానీ ఆ బండికి ఒక గుణం వచ్చింది. జనం కిక్కిరిసి ఉంటే మెత్తగా పోయేది. ఒకరో ఇద్దరో ఎక్కితే మాత్రం ఎగరేసి కొట్టేది. ఎందుకో ఎవరూ ఆలోచించలేదు. దోవ బాగాలేదని దోవను తిట్టుకున్నాం. స్టీరింగు పట్టుకున్నవాడికి గుంట ముందే కనిపిస్తుంది, ఒళ్ళు దానికి సిద్ధపడుతుంది. వెనక కూర్చున్నవాడి నడుముకి ఆ కబురు ఎవరూ ముందుగా చెప్పరు. అందుకే మా ఆయనకి తన బండి ఎప్పుడూ మెత్తగానే ఉండేది.

మా ఇంటి పక్కిల్లు మా పెద్దబావది, అంటే మా ఆయన అన్నది. ఆయనకి సజ్జలు, జొన్నలు పండే మెట్ట పొలం. మాట తక్కువ మనిషి. ఆయన భార్య నాకు తోడికోడలు. అక్కా అని పిలిచేదాన్ని, అక్కగానే చూసుకునేదాన్ని. పెళ్ళయి చాలా ఏళ్ళు ఆమె కడుపు పండలేదు. మొక్కని దేవుడు లేడు, ఎక్కని గుట్ట లేదు. చివరికి నెల తప్పినప్పుడు నాకు కడుపొచ్చిన దానికన్నా ఎక్కువ సంబరపడ్డాను. ఐదో నెలలో ఆమెకి కొంచెం నొప్పిగా ఉంటే ఆత్మకూరులో ఉన్న ఒక డాక్టరమ్మకి చూపిద్దామన్నారు. మా ఆయన సొంత తమ్ముడు కదా, మోటారు తీశాడు.

ఆ రోజు మా ఆయన వదిన మీద గౌరవం చూపించిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. వెనక సీటంతా తుడిచి దుప్పటి పరిచాడు. ఆత్మకూరు పోవాలని నిలబడ్డవాళ్ళని కసిరి పంపించాడు. తోడు వస్తానన్న నన్నూ దించేశాడు. అన్నను ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని, వదిన ఒక్కతే హాయిగా కాళ్ళు చాపుకుని పోవాలన్నాడు. మా వైపు మర్యాద అలాంటిది. ఒళ్ళు బాగాలేనివాళ్ళకి బండి ఖాళీ చేసివ్వడం, ఎవరూ ఇరుకు పెట్టకపోవడం. అందరం మెచ్చుకున్నాం.

దోవలో ఆమె మెల్లగా పొమ్మని కొన్నిసార్లు అడిగిందట. ఇంతకన్నా మెల్లగా అంటే నడిచిపోవాలి వదినా అని ఆయన నవ్వాడట. తర్వాత ఆమె అడగలేదట. డాక్టరమ్మ చూసి పడుకోమని చెప్పి పంపింది, తిరిగి అదే బండిలో వచ్చారు. ఆ వారంలోనే కడుపు పోయింది.

కారణం ఫలానా అని ఎవరూ చెప్పలేరని డాక్టరమ్మ తర్వాత అన్నది. ఉన్నచోటే ఉన్నా పోయేదేమోనన్నది. నేనూ ఇప్పటికీ ఫలానా అని చెప్పలేను. అక్క మాత్రం నేను పక్కన కూర్చుని ఏడుస్తుంటే నా వైపు చూడకుండా ఒక్క మాట అన్నది. "మోటారు దంచింది." దంచింది అంటే రోకటితో దంచినట్టని. ఆ మాట ఎవరి నోటనో గోడ దాటి మా ఆయన చెవిన పడింది. మర్యాదకి బండి ఖాళీ చేసి తీసుకుపోతే నా బండికే పేరు పెడతారా అని మండిపడ్డాడు. మనసులో ఎంత నలిగాడో నాకు తెలుసు. అన్నం సయించేది కాదు. కానీ వదినను పలకరించడానికి పోలేదు. పోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయం. ఆ రోజుల్లో నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, అన్నం వడ్డించి ఎదురుగా కూర్చోకుండా పెరట్లోకి పోయేదాన్ని.

పెద్దబావ మాట మానేశాడు. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఒకటుంది. అది అప్పటి నుంచీ నిజంగా గోడయింది. అక్క నేను పలకరిస్తే ఊఁ కొట్టేది, తనంతట తాను పలకరించేది కాదు. తర్వాత ఎన్నేళ్ళు గడిచినా ఆమెకి మళ్ళీ కడుపు రాలేదు. పుట్టింటికి పోవాలన్నా ఎద్దుల బండే, మోటారు వైపు తల తిప్పేది కాదు. వీధిలో కొందరు పొద్దున్నే ఆమె ఎదురొస్తే ఆగి, కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరేవాళ్ళు. గొడ్రాలి శకునమట. చూసి నా ఒళ్ళు మండేది.

ఇలా ఉండగా ఒకసారి నెల్లూరు నుంచి కోట చూడటానికి కొందరు వచ్చారు. మా ఆయనకి మాట్లాడటం ఇష్టం కాబట్టి, బండి కింద పెట్టి, వాళ్ళతో తానూ కొండెక్కాడు. పాడుబడిన గోడలన్నీ తానే కట్టించినట్టు చెప్పి, దిగేటప్పుడు మెట్టు రాయి మీద జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. చెక్క గరిటెలు చెక్కేవాళ్ళు ఆ పొద్దు కట్టె కోసం కొండ మీదికి వెళ్ళి ఉన్నారు. వాళ్ళే దుప్పటి డోలీ కట్టి కిందికి మోసుకొచ్చారు. వాకిట్లో దించుతున్నప్పుడు ఆయన వేసిన కేకకి వీధంతా బయటికొచ్చింది.

మా ఊరి ఆసుపత్రి డాక్టరు వచ్చి వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. నన్ను పక్కకి పిలిచి, విరిగిన ఎముక మొన లోపల కత్తిలా ఉందని, దాని పక్కనే పెద్ద నెత్తురు నరం పోతుందని చెప్పాడు. ఆత్మకూరు తీసుకుపోతే అక్కడి డాక్టరు ఎముక సరిచేసి పిండికట్టు వేస్తాడు. రేపటిలోగా పోవాలి. కానీ దోవలో కాలు గట్టిగా అదిరితే కాలు దక్కదు, ఇంకా చెప్పాలంటే మనిషే దక్కడు. ఏం చెయ్యాలో మాత్రం డాక్టరుకీ తెలియదు.

బస్సులో పడుకోబెట్టే చోటు లేదు. ఎద్దుల బండికి కమానులే ఉండవు. మంచం మీద మోసుకుపోదామని మగవాళ్ళు ముందుకొచ్చారు గానీ, అంత దూరం ఆ ఎండలో రేపటిలోగా చేర్చడం అయ్యే పని కాదు. మిగిలింది మా మోటారే. ఆ మాట అనుకోగానే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దాని దెబ్బ తిననివాళ్ళు ఆ వాకిట్లో ఎవరూ లేరు.

నేను కమ్మరాయనకి కబురు చేశాను. ఆత్మకూరు బస్సు నడిపే డ్రైవరు మా ఆయనకి స్నేహితుడు. మధ్యాహ్నం బస్సు తెచ్చి ఆపగానే సంగతి విని, తన పని ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు. రేపు మోటారు తానే నడుపుతానన్నాడు. పందిట్లో నులకమంచం మీద మా ఆయన, ఎదురుగా మోటారు, మధ్యలో ఈ ఇద్దరు. అదనంగా వేసిన లారీ పట్టీలు తీసేద్దామని కమ్మరాయన అన్నాడో లేదో, మంచం మీది మనిషి తల ఎత్తాడు. తీస్తే బండి కూలబడుతుందట. తన మాట వినాలట. చెమటలు కారిపోతున్నాయి, పెదవి కొరుక్కుని పళ్ళ గాట్లు పడ్డాయి, అయినా పంతం తగ్గలేదు.

"బావా, కాలు నీది. కమాను మీద ప్రేముంటే కాలు తీసేయించుకో. రెండూ ఉంచమంటే కుదరదు" అన్నాను.

అలా అన్నందుకు అక్కడున్న ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుని, తీయండి అన్నాడు.

జాకీ పెట్టి ఎత్తారు. బోల్టులు తుప్పు పట్టి కిరసనాయిలు పోస్తే గాని కదల్లేదు. కట్ట విప్పి చూస్తే పట్టీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. పట్టీ మీద పట్టీ జారితేనే కమాను మెత్తగా వంగేది. ఇవి కలిసి ఒకే దిమ్మెగా తయారయ్యాయని కమ్మరాయన చెప్పాడు. ఇటుక పొడి పెట్టి ఒక్కో పట్టీ రుద్దారు. నేనూ కొంగు బిగించి కూర్చుని రుద్దాను. గ్రీజు పూసి మళ్ళీ కట్టారు. అదనంగా వేసినవి తీసేశారు గానీ, విరిగినవాటి చోట వేసినవి తీయడానికి వీల్లేదు, తీస్తే అక్కడ వేయడానికి వేరే పట్టీ లేదు. డ్రైవరు టైర్లలో గాలి కొంత వదిలేశాడు. వెనక సీటు ఊడదీసి, పలక పరిచి, దాని మీద పరుపు వేశాం. ఆ పరుపులో పోసింది దూది కాదు. గరిటెలు చెక్కేవాళ్ళ ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు బస్తాలకొద్దీ తెచ్చిచ్చిన చెక్క పొట్టు. సన్నగా చుట్టలు చుట్టుకుని ఉంటుంది, నొక్కితే లోపలికి పోయి మళ్ళీ లేస్తుంది. అడగకుండానే తెచ్చారు.

బాగైందో లేదో మనిషిని పెట్టి చూడలేం గదా. చెంబు నిండా నీళ్ళు పోసి, పరుపు మీద కాలు ఉండే చోట పలక పెట్టి నిలబెట్టాను. చెంబు పడిపోకుండా చుట్టూ గుడ్డ కుదురు పెట్టాను. ఊరి బయటి గతుకుల దాకా పోయి రావాలి, నీళ్ళు నిలిస్తే కాలు నిలుస్తుంది. అప్పటిదాకా బండి ఎక్కి సాయం చేస్తున్నవాళ్ళంతా మర్యాదగా దిగిపోయారు. డ్రైవరు, నేను, చెంబు, అంతే. మొదటి గుంటకే సగం నీళ్ళు పోయాయి. చివరికి వచ్చేసరికి చెంబు అడుగు కనిపిస్తోంది.

ఇంకొంచెం గాలి తీశారు, బోల్టులు సడలించి సరిచేశారు. మళ్ళీ వెళ్ళాం. ఈసారి కొంచెం నయం, అయినా పరుపు తడిసింది. తిరిగొస్తుంటే పందిట్లోంచి ఆయన నా వైపే చూస్తున్నాడు. నీళ్ళు ఎంత పోయాయని అడిగాడు. అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. చెంబు వంచి చూపించాను. నా జీవితంలో అంత భయపడిన సాయంత్రం ఇంకొకటి లేదు.

అప్పుడు నాకు అంతకుముందు ఏడు మా పినతల్లి కూతురి పెళ్ళికి పోయిన సంగతి గుర్తొచ్చింది. అదే బండి, అదే వాగు దోవ. మనుషుల మీద మనుషులు. చంకలో పిల్లలు, కాళ్ళ కింద పిండివంటల తట్టలు. నేను ఆ ఇరుకులో నిద్రపోయాను. వాగు ఎప్పుడు దాటామో తెలియలేదు. మర్నాడు అదే దోవన మేమిద్దరమే తిరిగొస్తుంటే నా నడుం విరిగినంత పనైంది.

"బావా, బండికి బరువు చాలలే. మనుషుల్ని ఎక్కించాల" అన్నాను.

రోగి ఉన్న బండిలో జనాన్ని ఎక్కించడమేంటని ఎవరో అన్నారు. కమ్మరాయన మాత్రం చేతులు తుడుచుకుంటూ ఒక్క క్షణం ఆలోచించి, లారీ పట్టీ బరువుకే వంగుతుందని, బరువు లేకుంటే అది ఇనప దూలమేనని అన్నాడు. అన్న వెంటనే తానే ఎక్కి కూర్చున్నాడు. ఇంకా కొందరు ఎక్కారు, అంచుల మీద, డ్రైవరు పక్కన, వెనక పెట్టె మీద. మధ్యలో చెంబు. మళ్ళీ వెళ్ళాం. బండి వంగింది, లేచింది, ఊగింది. కానీ కొట్టలేదు. తిరిగొచ్చి చూస్తే చెంబు మూతి చుట్టూ తడి తప్ప నీళ్ళు అలాగే ఉన్నాయి.

వాకిట్లో అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను ఆ చెంబు పట్టుకుని మంచం దగ్గరికి పరిగెత్తాను. ఆయన సంతోషపడలేదు. చెంబు వైపు చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ పక్కన ఉన్నది గోడ. గోడ అవతల అన్న ఇల్లు.

"ఆ పొద్దు బండి ఖాళీగా తోలినా గదే" అన్నాడు, నాకు మాత్రమే వినిపించేలా.

చెంబు కింద పెట్టేశాను. నాకు అంతవరకూ తట్టలేదు. వదిన కోసం అందరినీ దించేసింది ఈయనే. నన్నూ దించేసింది ఈయనే. ఇరుకు లేకుండా ఒక్కతే పోవాలని గౌరవంగా తీసుకుపోయి, ఆ ఇనప దూలం మీద ఆమెని ఒక్కతినే కూర్చోబెట్టాడు. ప్రేమతో చేసిన పనే. అందుకే ఇన్నేళ్ళుగా ఆమె మాట ఆయనకి అన్యాయంగా తోచింది. ఆమె చెప్పింది నిజమని ఇప్పుడు చెంబెడు నీళ్ళు చెప్పాయి. అప్పటిదాకా కాలి నొప్పికి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు.

తల ఎత్తి చూస్తే గోడ అవతల అక్క నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. మేము మొదటిసారి చెంబు ఖాళీగా తెచ్చిందీ చూసే ఉంటుంది. పమిట చెంగు భుజం చుట్టూ కప్పుకుని, నా వైపు కాకుండా మోటారు వైపు చూస్తూ అన్నది.

"రేపు నేనూ ఎక్కతా. ఆ దోవ నాకు తెలుసు."

అంతే, లోపలికి వెళ్ళిపోయింది. ఆమె వెనకే గుమ్మంలో నిలబడిన పెద్దబావ తానూ వస్తానన్నట్టు మా ఆయన వైపు తలూపాడు.

తెల్లారగానే బయల్దేరాం. నలుగురు మగవాళ్ళు పరుపుతో సహా ఆయన్ని ఎత్తి బండిలో పెట్టారు. అక్క గోడ చుట్టూ తిరిగి వాకిట్లోకి వస్తుంటే, మా ఎదురింటి ముసలమ్మ నా చెవి దగ్గరికొచ్చి, శుభమా అని కాలు నిలబెట్టుకోను పోతా ఈమెని ఎదురు రానిస్తున్నావేంటని గొణిగింది. ఆమెని ఇంటికి పొమ్మన్నాను. ఇంకో నాలుగు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ రాయను. అక్క వినీ విననట్టు బండెక్కి, అందరికన్నా లోపలికి వెళ్ళి, పరుపు పక్కన కింద కూర్చుంది. బద్దలు కట్టిన కాలిని మడమ దగ్గర ఒక చేత్తో, మోకాలి కింద ఒక చేత్తో పట్టుకుంది. పెద్దబావ, కమ్మరాయన, గరిటెలు చెక్కే ఇంటి మనిషొకరు, వీధిలోవాళ్ళు ఇంకొందరు తలా ఒక పక్క సర్దుకున్నారు. నేను ఆయన తల దగ్గర.

ఊరు దాటగానే అక్క నోరు విప్పింది.

"ఇక్కడ మెల్లగా."

డ్రైవరు తగ్గించాడు. ముందు ఏమీ లేదనుకున్నాం. మలుపు తిరగ్గానే అడ్డంగా గాడి. కొంత దూరం పోయాక మళ్ళీ అన్నది. మళ్ళీ గుంట. రోజూ ఆ దోవన బస్సు నడిపే డ్రైవరు వెనక్కి తిరిగి ఆమె వైపు వింతగా చూశాడు. అతను ఆ దోవను కళ్ళతో నేర్చుకున్నాడు. ఆమె మోటారులో ఆ దోవన పోయి వచ్చింది ఒకే ఒక్కసారి. ఎద్దుల బండి మీద పోయినప్పుడు ఆ గుంటలన్నీ మళ్ళీ చూసుకునేదో ఏమో, నాకు తెలియదు, నేను అడగలేదు. ఒక్కటీ మర్చిపోలేదు.

ప్రతి గుంటకీ ఆమె చేతులు ముందే కొంచెం పైకి లేచేవి. కాలు ఆమె చేతుల్లోనే ఊగేది, పలకకి తగిలేది కాదు. వాగు దగ్గర నీళ్ళు పలచగా పారుతున్నాయి, అడుగున రాళ్ళు. కొందరు దిగి ముందు నడిచి రాళ్ళు తీశారు, మళ్ళీ ఎక్కారు. బండి ఆ గట్టు ఎక్కుతున్నప్పుడు ఆయన కళ్ళు తెరిచి ఆమెని చూశాడు.

"వదినా, ఆ పొద్దు నువ్వు మెల్లగా పొమ్మన్న తావులే గదా ఇయ్యన్నీ. నేను నవ్వినా."

ఆమె కాలి మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

"మాట్లాడబాక. కాలు కదిలిద్ది" అన్నది.

ముందు సీట్లో పెద్దబావ భుజాలు కదిలాయి. ఆయన వెనక్కి తిరగలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ తర్వాత ఆత్మకూరు చేరేదాకా 'ఇక్కడ మెల్లగా' అన్న మాట తప్ప బండిలో ఇంకో మాట లేదు.

ఆత్మకూరు డాక్టరు బద్దలు విప్పి చూసి, దోవలో ఎముక జరగలేదన్నాడు. పిండికట్టు వేశాడు. మా ఆయన చాలాకాలం మంచాన పడి ఉండి, చివరికి లేచాడు. కాలు కొంచెం పొట్టిదైంది, ఎగుడుదిగుడుగా నడిచేవాడు. మోటారు మాత్రం మళ్ళీ తానే నడిపాడు. తీసేసిన లారీ పట్టీలు ఇక బిగించలేదు. అందులో ఒకదాన్ని కమ్మరాయన చేత కత్తిపీట చేయించి, తానే కుంటుకుంటూ పోయి వదినకిచ్చి వచ్చాడు. ఆమె తీసుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఏమీ మాట్లాడుకుని ఉండరు. మర్నాడు మాత్రం గోడ మీది నుంచి నాకు ఒక గిన్నెడు దోసకాయ పప్పు వచ్చింది. దోసకాయ ముక్కలు ఆ కత్తిపీట మీద తరిగినవే. నేను ఏడుస్తూ తిన్నాను.

అప్పటి నుంచీ మా వీధిలో కొత్త ఆచారం ఒకటి మొదలైంది. నెలలు నిండిన ఆడమనిషినో, ఒళ్ళు బాగాలేనివాళ్ళనో తీసుకుపోవాల్సి వస్తే మా ఆయన హారన్ కొట్టి, బరువుకి రండి అని పిలిచేవాడు. చేతిలో పని వదిలి కొందరు ఎక్కేవాళ్ళు. ఆత్మకూరులో చూసినవాళ్ళు, ఒక రోగికి ఇంత మంది తోడా అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనేవాడు. ఎవరు వచ్చినా రాకపోయినా అక్క తప్పకుండా వచ్చేది. పిలవకముందే వచ్చి వెనక సీటు పక్కన కింద కూర్చునేది.

ఒకసారి వరికుంటపాడు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. తొలిచూలు పిల్ల, నొప్పులు ముందుగా మొదలయ్యాయి, ముఖం పాలిపోయి ఉంది. అక్క ఎక్కబోతుంటే ఆ పిల్ల అత్త ఆపింది. అక్క ఎవరో, ఆమెకి పిల్లలు లేరన్న సంగతి మా వీధిలో ఎవరో చెప్పినట్టున్నారు. గొడ్రాలు పక్కన కూర్చుంటే తన కోడలికి చేటన్నది. అక్క ఎత్తిన కాలు దించుకుని పక్కకి జరిగి నిలబడింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. అలాంటి మాటలకి అలవాటు పడిపోయింది.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఇంజను ఆపేశాడు. తాళం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా వదిన ఎక్కితేనే ఈ బండి కదిలేది. ఈ దోవ ఆమెకి తెలిసినట్టు ఎవురికీ తెలవదు. ఎందుకు తెలుసో చెప్పమంటే చెప్తా" అన్నాడు.

ఆ అత్త పక్కకి తప్పుకుంది. నొప్పులు పడుతున్న పిల్లే చెయ్యి చాచింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని ఎక్కి, పక్కన కూర్చుని, ఆ పిల్ల నడుం కింద రెండు చేతులూ ఉంచింది. మేమంతా చుట్టూ సర్దుకున్నాం. బండి ఊరు దాటింది. మలుపు వచ్చింది. అక్క నోరు తెరవకముందే మా ఆయన పొట్టికాలు బ్రేకు మీదికి పోయింది.